ఒక్క బొటనవేలికే గోరింటాకు

పోయిన వారం మిమ్మల్ని ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను, గుర్తుంది నాకు. ఈల్ గరస్ బావుల దగ్గర, తుమ్మచెట్టు కింద పరిచిన చాపల మీద ముగ్గురు పరాయి దేశాల వాళ్లు కూర్చుని ఉన్నారు. మా ఊరు ఏ దేశానిదో చూసి రాసుకుపోవడానికి వచ్చారు. ఒకవైపు మా మరిది దీరియే. పన్నెండేళ్లుగా ప్రాణంలా దాచిన కాగితాన్ని వాళ్ల ముందు పరిచాడు. సోమాలిలాండ్‌లో మేమూ ఉంటామని పన్నెండు ఇంటిపేర్ల పెద్దలు వేలిముద్రలు వేసిన కాగితం అది. పన్నెండో ముద్ర మా మామ గూలేద్‌ది. రెండోవైపు మా బావగారు షిర్వా. మామ పెద్ద భార్య కొడుకు. ఆయన గుడ్డమూట విప్పి, పసుపురంగుకు తిరిగిన అట్టముక్క ఒకటి తీశాడు. ఇంగ్లీషువాళ్ల ఒంటెల పటాలంలో కొలువు చేసి దిగిపోయిన నాడు మామకిచ్చిన కార్డు. దాని మీద మామ కుడి బొటనవేలి ముద్ర ఉంది.

"ఈ ముద్రా ఆ ముద్రా ఒకటేనేమో చూడండి," అన్నాడు షిర్వా. టీ పోస్తున్న నా చేతిలో కెటిల్ వణికింది. అక్కడ ఆపాను.

కెటిల్ ఎందుకు వణికిందో ఇవాళ చెప్తాను.

వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ జడ్జి. కళ్లద్దాలు, తెల్ల జుట్టు, నవ్వని మొహం. రెండో ఆయన పోలీసు కొలువు చేసి దిగిపోయిన పొట్టి మనిషి. వేలిముద్రలు చదవడంలో ఆరితేరినవాడట. మూడో ఆయనకు తల ఎత్తే తీరిక లేదు, రాసుకుంటూనే ఉన్నాడు. పొట్టాయన భూతద్దం జేబులోంచి తీశాడో లేదో మధ్యాహ్నం నమాజుకు పిలుపు వచ్చింది. జడ్జమ్మ చేయెత్తి, నమాజూ భోజనమూ అయ్యాక చూద్దామంది. అంతవరకూ ఎవరి వస్తువు వాళ్ల దగ్గరే ఉండాలంది. దీరియే కాగితాన్ని చుట్టి రేకు గొట్టంలో పెట్టుకున్నాడు. షిర్వా కార్డును మళ్లీ మూటకట్టుకున్నాడు. మగవాళ్లంతా లేచి దుమ్ము దులుపుకున్నారు. కొందరి చూపు నమాజు మీద కంటే నమిలితే మత్తిచ్చే ఖాత్ ఆకు తెచ్చే బండి వచ్చే దారి మీద ఎక్కువుంది. ఆ బండి ఒంటిగంటకు వస్తుంది. వచ్చాక మా మగవాళ్లను ఏ సభా కూర్చోబెట్టలేదు. అది అందరికీ తెలుసు, జడ్జమ్మకు తప్ప.

నేను నా వంటపాకలోకి వచ్చాను. పాక అంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు కర్రలు, గోనెపట్టాలు, మూడు రాళ్ల పొయ్యి. పట్టా పక్కకు తీస్తే ఎండిపోయిన వాగు కనిపిస్తుంది. వాగుకు ఈ ఒడ్డున దారికి అడ్డంగా మా దేశం సిపాయిలు కట్టిన తాడు, మా జెండా. ఆ ఒడ్డున సోమాలిలాండ్‌ను ఒప్పుకోని పక్క పాలన సిపాయిల తాడు, నీలం జెండా. ఇక్కడి నుంచి మేక పరిగెత్తితే ఆ ఒడ్డుకు చేరేలోపు రెండు దేశాలు దాటుతుంది. దాన్ని ఎవరూ కాగితం అడగరు. ఆ పొద్దున ఆ ఒడ్డున ఇంకో సంగతి కూడా ఉంది. మనుషులతో నిండిన రెండు ట్రక్కులు నీడ కోసం ముళ్లపొదల్లోకి దూరి నిలబడి ఉన్నాయి. అతిథులకు కనిపించలేదేమో. నేను మాత్రం పొద్దుటి నుంచి లెక్కపెడుతూనే ఉన్నాను.

నా మనవరాలు హిబాక్ అన్నం పళ్లేలు తీసుకెళ్లడానికి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, బళ్లో పంతులమ్మ. ఆ ముగ్గురికీ మా మాటలూ, మాకు వాళ్ల మాటలూ చెప్పేది అదే. పొద్దుటి నుంచి రెండు వైపుల మాటలూ మోసి దాని గొంతు బొంగురుపోయింది.

"నానమ్మా, దేశం అంటే ఏంటో చెప్పింది జడ్జమ్మ. జనం ఉండాలట, నేల ఉండాలట, పాలించేవాళ్లు ఉండాలట. మిగతా దేశాలు ఔనని ఒప్పుకోవాలట."

"మొదటి మూడూ మనకున్నాయి కదే."

"ఉన్నాయి. నాలుగోదే లేదు."

"అంటే పెళ్లయి పిల్లలు పుట్టి ఇల్లు కట్టుకున్నాక కూడా, ఊళ్లోవాళ్లు ఒప్పుకోలేదని ఉంచుకున్నదనిపించుకోవడం లాంటిదా?"

హిబాక్ నవ్వేసింది. "ఈ మాట నువ్వే చెప్పు ఆమెకి. నేను చెప్తే నా ఉద్యోగం పోతుంది." పళ్లేలు రెండు చేతుల్లోకి తీసుకుని వెళ్తూ వెనక్కి తిరిగింది. "నానమ్మా, నీ చెయ్యెందుకు వణికింది? టీ జడ్జమ్మ చెప్పు మీద పడింది."

"ముసలితనమే. పో, అన్నం చల్లారుతుంది."

అది వెళ్లిన కాసేపటికి దీరియే వచ్చాడు. నమాజుకు మొహం కడుక్కున్న తడి ఇంకా గడ్డం మీద ఉంది. రేకు గొట్టం చంకలో. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు. నా భర్త సముద్రం అవతలి ఏడెన్ ఓడరేవులో పోయినప్పుడు వీడికి పదిహేనేళ్లు. నా చేతి అన్నం తిని మీసం మొలిపించుకున్నవాడు.

"వదినా, ఒక గ్లాసు టీ పొయ్యి. చక్కెర దండిగా వెయ్యి. ఇవాళ పండగ."

"ఏం పండగ?"

"షిర్వా అన్నయ్య మొహం చూశావా? కార్డు తెచ్చాడట కార్డు. వెతికి వెతికి మనకు సాక్ష్యం తానే పట్టుకొచ్చాడు. నాన్న ముద్ర పక్కన నాన్న ముద్ర పెడితే కలవక ఏమవుతుంది? పొట్టాయన చూస్తాడు, జడ్జమ్మ రాస్తుంది, ఈ బావులు ఇటువైపని ప్రపంచానికంతా తెలుస్తుంది. ఇక ఆ నీలం జెండావాడు తాడు చుట్టుకుని ఇంటికి పోవాల్సిందే."

టీ గ్లాసు అతని చేతికిచ్చాను. తాగనిచ్చాను. రెండు గుక్కలు తాగాడు.

"కలవదు దీరియే," అన్నాను.

"ఏది?"

"ముద్ర. కాగితం మీద ఉన్నది మామ వేలు కాదు. నాది."

నవ్వాడు. నేను సరదాకు అన్నాననుకున్నాడు. నేను నవ్వలేదు. అప్పుడతను నా కుడిచేతి వైపు చూశాడు. నేను చేయి కొంగులో దాచుకోలేదు. పన్నెండేళ్లు దాచింది చాలనిపించింది.

ఆ రోజుల సంగతి మీలో కొత్తగా చదివేవాళ్లకు తెలియదు. పెద్ద యుద్ధం అప్పుడే అయిపోయింది. పడమటి ఊళ్లవాళ్లు మేము సోమాలిలాండ్ అనే వేరే దేశమని ప్రకటించుకున్నారు. ఇక్కడ మా బావుల దగ్గర మాత్రం ఇంకా తుపాకులు చల్లారలేదు. పై బావి వాళ్లు, కింది బావి వాళ్లు. నా పెద్దకొడుకు నీళ్ల తోలుతిత్తి మోసుకొస్తూ రెండు బావుల మధ్య పడిపోయాడు. వాడి శవం తేవడానికి వెళ్లిన చిన్నకొడుకు తిరిగి రాలేదు. హిబాక్ ఆ చిన్నవాడి కూతురే.

అప్పుడు పెద్దలు ఈ తుమ్మచెట్టు కిందే కూర్చున్నారు. పదిహేడు రోజులు. పదకొండుమంది ముద్రలు వేశారు. మామ ఒక్కడే మిగిలాడు. మామది మిగిలితే మిగిలిందిలే అనుకోవడానికి లేదు, బావులు మా ఇంటిపేరువి. నీళ్లు లేని పదకొండు ముద్రలు ఎవరికి కావాలి? మామకేమో ఛాతీలో జబ్బు చేసి గుడిసెలో పడుకుని ఉన్నాడు. సభ తేలేదాకా వలయంలో కూర్చున్న ఏ మగవాడూ ఆయన గుడిసెలోకి వెళ్లకూడదని కట్టుబాటు పెట్టారు. కన్నకొడుకులైనా సరే. ఎవరు ఒంటరిగా వెళ్లినా, వీడే ఆయన మనసు తిప్పాడని రెండోవాళ్లు అంటారు. అందుకని కాగితం, స్టాంపు ప్యాడు నాకిచ్చి లోపలికి పంపారు. టీ ఇచ్చే మనిషిని. ఎవరి లెక్కలోనూ లేని మనిషిని.

"నాన్న వేశాడని నువ్వే కదా తెచ్చి ఇచ్చావు," అన్నాడు దీరియే. "నీ చేతుల్లోంచే కదా తీసుకున్నాం."

"వేశాడని నేను అనలేదు. కాగితం ఇచ్చాను. మీరు చూసుకున్నారు."

"వదినా."

"సరే. అబద్ధమే. మాట్లాడకుండా ఆడిన అబద్ధం. విను ముందు."

ఆ సాయంత్రం మామ నాతో చాలాసేపు మాట్లాడాడు. అంత మాట్లాడిన మనిషి కాదు ఆయన. "ఎబాదో, ఇంగ్లీషువాడు జెండా దించిన రోజు నేను ఒంటె మీద కూర్చుని చూశాను. మన జెండా ఎక్కింది. ఐదు రోజులు మనం ఒక దేశం. ఐదో రోజున పాటలు పాడుకుంటూ వెళ్లి దక్షిణం వాళ్లతో కలిసిపోయాం. ఎవరూ తొయ్యలేదు, మనమే వెళ్లాం. ఆ పాటలకు ముప్పై ఏళ్లు ఏడ్చాం. ఇప్పుడు మళ్లీ వేలు అడుగుతున్నారు," అన్నాడు. నేను దిండు సరిచేస్తున్నాను. ఆయన నా మొహంలోకి చూసి అడిగాడు. "నువ్వైతే ఏం చేస్తావు?"

నలభై తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి ఒక మగవాడు నన్ను ఆ మాట అడిగాడు. టీలో ఏలకులు వెయ్యాలా అని కాదు. నువ్వైతే ఏం చేస్తావు అని.

"నేనైతే వేస్తాను మామా," అన్నాను. "దేశం నాకు తెలియదు. రెండు బావుల మధ్య ఇంకో పిల్లవాణ్ణి మోయలేను. ఆ కాగితం పేరు ఏదైతే నాకేం, దాని వల్ల తుపాకులు కింద పెడతారు."

ఆయన చాలాసేపు పైకప్పు చూశాడు. "తెల్లవారి నమాజు అయ్యాక సిరా తీసుకురా," అన్నాడు.

తీసుకెళ్లాను. ఆయన లేడు. మనిషి వెచ్చగానే ఉన్నాడు గానీ లేడు. బయట రెండు వర్గాలూ అప్పటికే మేలుకుని, మామ మాట వచ్చేదాకానే ఈ ఒప్పందమంతా అనుకుంటూ తుపాకులు తుడుచుకుంటున్నారు. గూలేద్ చెప్పకుండానే చచ్చిపోయాడని నేను కేక పెడితే, ఆ కేకతో సభ లేచిపోతుంది. నేను కేక పెట్టలేదు. సిరాలో నా వేలు ముంచాను. వేశాను. కాగితం టీ పళ్లెంలో పెట్టి బయటికి తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. వాళ్లు దువా చేసుకుని, ఒకరినొకరు వాటేసుకుని, ఒంటెను కోశాక అప్పుడు వెళ్లి కేక పెట్టాను.

చెప్పడం అయిపోయాక దీరియే గ్లాసు కింద పెట్టాడు. పెట్టేటప్పుడు టీ ఒలికి పొయ్యిరాయి మీద సుయ్యిమంది.

"చచ్చిన మనిషి వేలు పట్టుకుని వేయించలేకపోయావా?" అన్నాడు. "అప్పుడు కనీసం ముద్రైనా ఆయనదై ఉండేది."

"ఎలా వేయిస్తానురా? ఆయన అల్లా దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లిపోయిన మనిషి చేత అబద్ధం ఆడిస్తే ఆ పాపం ఆయన ఖాతాలో పడుతుంది. నా వేలితో ఆడితే నాది. నా పాపం నేను మోసుకోగలను."

"మోశావు. బాగా మోశావు." అతను లేచి నిలబడ్డాడు. పాక ఎత్తు చాలక మెడ వంచుకున్నాడు. "టీ ఇవ్వడానికి వెళ్లి దేశం ఇచ్చి వచ్చావు. ఈ కాగితం పట్టుకుని నేను ఎన్ని ఊళ్లు తిరిగాను? రాజధాని హర్గేసాలో మంత్రుల ముందు పరిచాను. నా తండ్రి ముద్ర అని చెప్పి ఏడ్చాను వదినా. పదిమంది ముందు ఏడ్చాను. అది నీ వేలా?"

"నేనూ విన్నాను నువ్వు ఏడ్చావని. నాకు నిద్ర పట్టలేదు."

"నిద్ర పట్టలేదట." రేకు గొట్టం మూత తీశాడు. కాగితం సగం బయటికి లాగాడు. "సరే. చెదలు తినేశాయని చెప్తాను. గాలికి పొయ్యిలో పడిందని చెప్తాను. కాగితమే లేకపోతే అన్నయ్య కార్డు దేనితో కలుపుతాడు? నాతో కలుపుతాడా?"

నేను పొయ్యికి అడ్డంగా కూర్చున్నాను. అరవై దాటిన మనిషిని, మోకాళ్లు కలుక్కుమన్నాయి. అయినా కూర్చున్నాను. "పదకొండుమంది పెద్దల వేళ్లు కూడా ఉన్నాయి దాని మీద. వాళ్లలో తొమ్మిదిమంది పోయారు. వాళ్ల మాట కాల్చడానికి నువ్వెవరివి?"

"లే వదినా."

"లేవను."

"కాల్చకు తమ్ముడూ," అని గోనెపట్టా అవతల నుంచి వినిపించింది.

పట్టా తొలగించుకుని షిర్వా లోపలికి వచ్చాడు. డెబ్భై ఏళ్ల మనిషి, వెదురు కర్రలా నిటారుగా ఉంటాడు. గడ్డానికి ఎర్రగా గోరింటాకు. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో అడగాల్సిన పని లేదు. మొహంలోనే ఉంది.

"దొంగచాటుగా వింటున్నావా?" అన్నాడు దీరియే.

"నా తండ్రి గురించి మాట్లాడుకుంటుంటే వినడానికి నాకు అనుమతి కాగితం కావాలా? ఈ మధ్య నీళ్లకు అడుగుతున్నారు, మాటలకు కూడా మొదలుపెట్టారా?"

"నీలం జెండా కింద పడుకునేవాడివి, ఇక్కడ నీకేం పని?"

"మరి నీ జెండా పట్టుకుని ఏ దేశం గుమ్మం తొక్కగలవో చెప్పు. నీ పాస్‌పోర్టు చూసి ఇదేం పుస్తకం అని అడుగుతారట కదా." షిర్వా నా వైపు తిరిగాడు. నా ఎదురుగా, పొయ్యికి అవతల గొంతుక్కూర్చున్నాడు. ఆయన నాతో ఎప్పుడూ గౌరవంగానే మాట్లాడతాడు, ఆ రోజూ అంతే. "ఎబాదో, నాకో గ్లాసు పొయ్యమ్మా. చక్కెర తగ్గించు. నీకు కొత్త సంగతి చెప్పేదేం లేదు. నాకు పన్నెండేళ్లుగా తెలుసు."

నేను టీ పోసి గ్లాసు ఆయన ముందు పెట్టాను.

"నాన్న శవానికి స్నానం చేయించింది ఎవరు? పెద్దకొడుకుని కదా, నేనే. వేలు వేలూ కడిగాను. సందుల్లో కడిగాను. ఆ సిరా ఎలాంటిదో నీకు తెలుసు, మిగతా పదకొండుమందికి పది రోజుల దాకా పోలేదు. ఊదారంగు. నాన్న వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. నీళ్లు పోస్తూనే అనుకున్నాను, అయితే ఈ ముద్ర ఎవరిది అని. మూడో రోజు నాకు తెలిసిపోయింది."

"ఎలా?" అన్నాను.

"మామ చచ్చిన ఇంట్లో కోడలు గోరింటాకు పెట్టుకుందని ఊరంతా ఆడిపోసుకుంది. నా భార్యయితే నీ ముందే అంది, సిగ్గులేదా అని. నువ్వు తల వంచుకున్నావు. వాళ్లంతా నీ సిగ్గు చూశారు. నేను నీ చెయ్యి చూశాను. ఏ ఆడదైనా పది వేళ్లకు పెట్టుకుంటుంది. నువ్వు ఒక్క బొటనవేలికే పెట్టుకున్నావు."

ఏం చెప్పమంటారు? బూడిదతో రుద్దాను, పుల్లటి పాలతో రుద్దాను, ఇసుకతో తోలు ఊడేదాకా రుద్దాను. ఊదారంగు పోలేదు. గోరింటాకు కింద కప్పేశాను. పది వేళ్లకూ పెట్టుకోవడానికి మనసు రాలేదు. మామ అంటే నాకు అంత గౌరవం. దాచుకోవడానికి ఎంత కావాలో అంతే పెట్టుకున్నాను, ఆ గౌరవమే నన్ను పట్టిచ్చింది.

దీరియే నోరు తెరిచి అన్న వైపు చూస్తున్నాడు. "తెలిసీ పన్నెండేళ్లు నోరు మూసుకున్నావా?"

"నీకొక్కడికే పిల్లలున్నారనుకున్నావా? ఆ రోజు లేచి ఇది అబద్ధమని అంటే సాయంత్రానికి పది శవాలు. ఈమె వేసిన వేలు ఈ బావుల మధ్య పన్నెండేళ్లు కాపలా కాసింది. నాన్న కూడా అంత కాయలేదు." టీ ఊదుకున్నాడు. "నాకు ఆ వేలితో తగాదా లేదు."

"మరి ఈ కార్డెందుకు తెచ్చావు బావగారూ?" అన్నాను.

ఆయన గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "పోయిన నెల నా ఒంటెలకు నీళ్లు పెట్టడానికి వచ్చాను. మీ సిపాయి, గడ్డం మొలవని పిల్లవాడు, చీటీ అడిగాడు. ఇది నా తండ్రి తవ్వించిన బావిరా అన్నాను. వాడు నవ్వి, నీ తండ్రే రాసిచ్చాడు కదా తాతా, కాగితం చదువుకోలేదా అన్నాడు. ఒంటెలు అరుస్తున్నాయి. నేను వెనక్కి తోలుకుపోయాను. నా తండ్రి పేరుతో నన్ను నా తండ్రి బావి దగ్గర నుంచి తరిమారు. ఆయన ఇవ్వలేదు. ఆ ఒక్క సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇంకెన్నాళ్లు తల వంచుకోను?"

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"ఒకటే అడుగుతున్నాను," అన్నాడు. "ఆ చాప మీద నిజం చెప్పు ఎబాదో. ముద్ర నాదని చెప్పు. ఆ పైన వాళ్లు ఏం రాసుకున్నా నేను ఒప్పుకుంటాను. దీరియే మళ్లీ ఇది మా నాన్న వేలే అని ప్రమాణం చేశాడనుకో, అవతలి ఒడ్డున ఉన్నవాళ్లను నేను ఆపను. కార్డు సంగతి తేలేదాకా ఆగమని మాత్రమే చెప్పి వచ్చాను."

"నిజం చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు?" అన్నాడు దీరియే. "బావులు ఎవరివీ కావని రాస్తారు. ఎవరివీ కాని చోటికి రెండు వైపుల నుంచీ వస్తారు తుపాకులతో. అబద్ధం చెప్తే మీవాళ్లు వస్తారు, నిజం చెప్తే అందరూ వస్తారు. ఏం తేడా?"

నాకూ తెలియదు, ఏం తేడానో. ఆ ఇద్దరన్నదమ్ముల మధ్య, వాళ్ల తండ్రి పోలికలే ఉన్న రెండు మొహాల మధ్య కూర్చుని, నా కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకున్నాను. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే పట్టుకునేదాన్ని అలా.

పట్టా కదిలింది. హిబాక్. ఖాళీ పళ్లేలు ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది. "పిలుస్తున్నారు," అంది. పెద్దతాత వైపు చూడలేదు, చిన్నతాత వైపు చూడలేదు. నన్నే చూసింది. "నానమ్మా, అన్నీ విన్నాను. నేను ఏది చెప్పాలి వాళ్లకి?"

"నేను ఏది చెప్తే అది. ఒక్క మాట కలపకు, ఒక్క మాట తీసెయ్యకు."

"నిజంగానా?"

"మాటలు మోసేదానివి. దార్లో తాగెయ్యకు."

కెటిల్ తీసుకుని బయలుదేరాను. తుమ్మచెట్టు కింద అందరూ సర్దుకుని కూర్చున్నారు. అతిథులకు టీ పోశాను. ఈసారి చెయ్యి వణకలేదు. దీరియే కాగితం పరిచాడు. షిర్వా కార్డు పక్కన పెట్టాడు. పొట్టాయన భూతద్దం తీసి, ముక్కు కాగితానికి ఆనేంతగా వంగాడు. అప్పుడే దూరంగా ఖాత్ బండి హారన్ మోగింది. గడియకోసారి లేచే మగవాళ్లు ఒక్కరూ లేవలేదు. నా జీవితంలో అలా జరగడం నేను చూడలేదు.

పొట్టాయన చాలాసేపు చూశాడు. కార్డు, కాగితం, మళ్లీ కార్డు. తర్వాత జడ్జమ్మ చెవిలో ఏదో అన్నాడు. ఆమె బిగ్గరగా చెప్పమంది. హిబాక్ బొంగురు గొంతుతో చెప్పింది. "ఈ రెండూ ఒక మనిషివి కావు."

చెట్టు కింద గోల లేచింది. ఎవరో మోసమన్నారు. ఎవరో కార్డే దొంగదన్నారు. షిర్వా కదల్లేదు. దీరియే కళ్లు మూసుకున్నాడు. జడ్జమ్మ అందరూ ఆగేదాకా ఆగి, ఒకటే ప్రశ్న వేసింది. "అయితే ఇది ఎవరిది?"

నేను కెటిల్ నేల మీద పెట్టాను. చెప్పులు విడిచాను. ఆ చాప మీద మా ఆడవాళ్లు ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు. పది గ్లాసులు అందించడానికి అంచు దాకా వెళ్తాం, వెనక్కి వస్తాం, అంతే. నేను అంచు దాటి వెళ్లి దీరియే పక్కన కూర్చున్నాను. ఎవరో ముసలాయన, "ఏయ్ ఎబాదో, ఇదేం పని?" అన్నాడు. నేను జడ్జమ్మ ముందు కుడిచేయి చాపాను.

"నాది," అన్నాను.

హిబాక్ ఆ ఒక్క మాటా మోసింది. కలపలేదు, తీసెయ్యలేదు.

గోల మళ్లీ లేస్తుందనుకున్నాను. లేవలేదు. పొట్టాయన స్టాంపు ప్యాడు తెరిచాడు. నా వేలు పట్టుకుని సిరాలో అద్దాడు. అదే ఊదారంగు. తెల్లకాగితం మీద నొక్కాడు. నొక్కేటప్పుడు నా కళ్లలోకి చూసి ఏదో అన్నాడు, నొప్పిగా ఉందా అనేమో. భూతద్దం పెట్టి ఈసారి కాసేపే చూశాడు. తల ఊపాడు. రాసుకునే ఆయన పొద్దుటి నుంచి మొదటిసారి కలం ఆపి నన్ను చూశాడు.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. మామ అడిగింది, నేనన్నది, తెల్లవారి సిరా తీసుకెళ్లింది, కేక పెట్టనిది, గోరింటాకు. హిబాక్ ఒక్కో మాటా అందించింది. నా కొడుకుల సంగతి వచ్చినప్పుడు దాని గొంతు ఆగింది. వాళ్లలో ఒకడు దాని తండ్రి కదా. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

జడ్జమ్మ కళ్లద్దాలు తీసింది. చేతిరుమాలుతో తుడిచింది. పెట్టుకోలేదు. నా వైపు వంగి నెమ్మదిగా ఏదో అడిగింది. చిన్న ప్రశ్నే.

"ఏమంటుందే?" అన్నాను.

"నానమ్మా." అది చాప వైపు చూస్తోంది. "నువ్వు ఏం చెప్పావన్నది ఆమెకు అర్థమైందట. ఆయన ఏం చెప్పాడని అడుగుతోంది. సిరా తీసుకురమ్మన్నాడు సరే. వేస్తానన్నాడా, లేదా? ఔనో కాదో, ఒక్క మాటలో కావాలట."

వాగుకు ఆవలి ఒడ్డున ఒక ట్రక్కు ఇంజను మొదలైంది. షిర్వా అటు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. దీరియే చెయ్యి నా మోచేతి మీద పడింది. పట్టుకున్నాడో, ఆపుతున్నాడో తెలియలేదు.

ఆ సాయంత్రం మామ ఇంకో మాట అన్నాడు. సిరా సంగతి చెప్పాక, నేను దీపం తగ్గించి గుమ్మం దాటబోతుంటే, వెనక నుంచి పిలిచి అన్నాడు. దీరియేకు చెప్పలేదు ఆ మాట. షిర్వాకు చెప్పలేదు. ఇంతసేపూ మీతో కూర్చుని అన్నీ చెప్పినదాన్ని, మీకూ చెప్పలేదు. పన్నెండేళ్లుగా ఆ మాటను సిరా కంటే గట్టిగా రుద్దుకున్నాను. పోలేదు.

"చెప్తాను," అన్నాను జడ్జమ్మతో. హిబాక్ నా నోటి వైపు చూస్తోంది. ఏం చెప్పానో వచ్చే వారం.